బీటెక్ మొదటి సెమిస్టర్: మార్కులు ఎక్కడ వస్తాయి, ఎక్కడ జారిపోతాయి

సీటు వచ్చింది, ఫీజు కట్టారు, ఐడీ కార్డు మెడలో పడింది. ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకున్నారు, మీరూ అనుకునే ఉంటారు. రెండేళ్ల ఇంటర్ తర్వాత ఆ మాత్రం ఊపిరి పీల్చుకోవడంలో తప్పేం లేదు. పొద్దున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసిన ఆ రోజుల్లో ఏం చదవాలో, ఎప్పుడు చదవాలో, ఎప్పుడు తినాలో కూడా వేరేవాళ్లే నిర్ణయించారు. వీకెండ్ టెస్టు వాళ్లే పెట్టారు, తప్పులు వాళ్లే దిద్దారు, మార్కులు తగ్గితే ఇంటికి ఫోన్ కూడా వాళ్లే చేశారు.

బీటెక్‌లో ఆ పని చేసే మనిషి ఉండరు. సాయంత్రం నాలుగింటికి బస్సు దిగాక మిమ్మల్ని కూర్చోబెట్టేవాళ్లు ఎవరూ లేరు. మొదటి సెమిస్టర్‌లో దెబ్బతినేవాళ్లలో చాలామందికి తెలివేం తక్కువ కాదు. అజమాయిషీ పోయిన సంగతి మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) మార్కులు చూశాక గానీ వాళ్లకు తెలిసిరాదు, అప్పటికి సగం సెమిస్టర్ గడిచిపోయి ఉంటుంది. పైగా ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలూ బిట్లే, నెగెటివ్ మార్కులు లేవు, తెలియకపోయినా ఏదో ఒక ఆప్షన్ పెట్టొచ్చు. ఇక్కడ తెల్లకాగితం ముందు పెట్టి అరగంట రాయమంటారు. ఆప్షన్లు చూసి జవాబు పట్టే చేతికి, మొదటి లైను నుంచి చివరి లైను దాకా తనంతట తాను రాయడం కొత్త.

కాబట్టి ముందు లెక్కలు. ఇక్కడ ఇచ్చే అంకెలు జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్‌22 నియమావళివి, అంటే 2022లో వచ్చినవి. మీ బ్యాచ్‌కి కొత్త నియమావళి వర్తించవచ్చు, అటానమస్ కాలేజీ అయితే సొంత నియమాలు ఉంటాయి. కాలేజీ వెబ్‌సైటులో ‘అకడమిక్ రెగ్యులేషన్స్’ అని ఒక పీడీఎఫ్ ఉంటుంది. దాన్ని ఒక గంట కూర్చుని చదివితే నాలుగేళ్లూ సీనియర్ల పుకార్లు నమ్మాల్సిన అవసరం రాదు. క్లాసులో అరవై మంది ఉంటే అది తెరిచి చూసేవాళ్లు ఇద్దరో ముగ్గురో!

పాస్ మార్కు 35 కాదు

ఒక్కో సబ్జెక్టుకి 100 మార్కులు. అందులో 40 ఇంటర్నల్స్, 60 సెమిస్టర్ చివరి పరీక్ష, అంటే ఎక్స్‌టర్నల్. ఇంటర్నల్స్‌లో 30 మార్కులు మిడ్ పరీక్షలవి, 5 అసైన్‌మెంట్లవి, మిగతా 5 వైవా లేదా ప్రెజెంటేషన్ లాంటివాటివి. మిడ్‌లు రెండు, వాటి సగటు తీసుకుంటారు. మొదటి మిడ్‌కి మొదటి రెండున్నర యూనిట్లు, రెండో మిడ్‌కి మిగతా రెండున్నర.

పాస్ కావాలంటే ఇంటర్నల్స్‌లో కనీసం 14, ఎక్స్‌టర్నల్‌లో కనీసం 21, రెండూ కలిపి కనీసం 40 రావాలి. చాలామంది బోల్తాపడేది ఈ మూడో షరతు దగ్గరే. 14కి 21 కలిపితే 35 అవుతుంది, అది ఫెయిలే. ఇంటర్నల్స్‌లో అంచుమీద 14 తెచ్చుకున్నవాళ్లకి బయటి పరీక్షలో 26 కావాలి. 34 తెచ్చుకున్నవాళ్లకి 21 చాలు. గ్రేడ్‌కైనా ఇదే లెక్క. 70 మార్కులు వస్తే ఏ గ్రేడ్, అంటే 8 పాయింట్లు. ఇంటర్నల్స్‌లో 36 ఉన్నవాళ్లు ఎక్స్‌టర్నల్‌లో 34 రాసినా ఆ గ్రేడ్ వస్తుంది. 22 ఉన్నవాళ్లు 60కి 48 రాయాలి. మొదటి ఏడాది మ్యాథ్స్ పేపర్లో 34కి, 48కి మధ్య ఉన్న దూరం ఎంతో ఒక పాత పేపరు రాసి చూసుకుంటే తెలుస్తుంది.

మిడ్‌ల సగటు తీస్తారు కాబట్టి మొదటి మిడ్ 30కి 12 వస్తే, రెండో మిడ్‌లో 28 తెచ్చుకున్నా చేతికి వచ్చేది 20. జ్వరమొచ్చి ఒక మిడ్ రాయకపోతే ఆ సున్నా కూడా సగటులోకి వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో కాకినాడ, అనంతపురం జేఎన్‌టీయూల దగ్గర పద్ధతి కొంచెం వేరు. ఇంటర్నల్స్ 30, ఎక్స్‌టర్నల్ 70. రెండు మిడ్‌లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం వెయిటేజీ ఇస్తారు. అక్కడ ఒక మిడ్ పాడైనా కోలుకోవచ్చు, హైదరాబాద్ పద్ధతిలో అంత వెసులుబాటు లేదు.

అసైన్‌మెంటు 5 మార్కులని తేలిగ్గా తీసుకుంటారు. ఎక్స్‌టర్నల్‌లో 5 మార్కులు రావాలంటే ఒక పెద్ద ప్రశ్నలో సగం సరిగ్గా రాయాలి. అసైన్‌మెంటులో అవి ఇంట్లో కూర్చుని, పుస్తకం తెరుచుకుని తెచ్చుకునే మార్కులు. పోగొట్టుకునేది ఎక్కువగా తారీఖు దాటించే.

ఇక క్రెడిట్లు, అంటే ఒక్కో సబ్జెక్టుకి ఇచ్చిన బరువు; పాసైతే అవి మీ ఖాతాలో పడతాయి. ఆర్‌22లో సెమిస్టర్‌కి 20, నాలుగేళ్లకి 160. మొదటి ఏడాది 40లో కనీసం 20 తెచ్చుకోకపోతే రెండో ఏడాదిలోకి పంపరు. ఎస్‌జీపీఏ అంటే ఆ సెమిస్టర్ గ్రేడ్ల సగటు: ఒక్కో సబ్జెక్టు క్రెడిట్లని అందులో వచ్చిన గ్రేడ్ పాయింట్లతో గుణించి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగించడం. 4 క్రెడిట్ల మ్యాథ్స్‌లో 6 పాయింట్ల నుంచి 8కి పెరిగితే ఎస్‌జీపీఏ 0.4 పెరుగుతుంది. 1 క్రెడిట్ ల్యాబ్‌లో అంతే పెరిగితే 0.1. అలాగని ల్యాబ్ వదిలేయమని కాదు, ల్యాబ్ మార్కులు తేలిగ్గా వస్తాయి. కానీ పరీక్షల ముందు చేతిలో పది గంటలే మిగిలితే అవి ఏ సబ్జెక్టుకి వెళ్లాలో ఈ లెక్కే చెబుతుంది.

ఇంకొకటి. అన్ని సెమిస్టర్లకీ కలిపి వేసే సగటు సీజీపీఏ. దాన్ని శాతంలోకి మార్చేటప్పుడు దానిలోంచి 0.5 తీసేసి పదితో గుణిస్తారు. 7.0 అంటే 65 శాతమే. ప్లేస్‌మెంట్లలో 60 శాతం అడిగే కంపెనీకి మీ సీజీపీఏ 6.5 ఉండాలి. అందులో ఎనిమిదో వంతు ఈ సెమిస్టరే.

ఒక్క బంక్‌కి మూడు క్లాసులు

హాజరు మొత్తం మీద 75 శాతం ఉండాలి. 65కి, 75కి మధ్య ఉంటే అనారోగ్యం లాంటి కారణానికి ఆధారాలు చూపించి, ఫీజు కట్టి కండొనేషన్, అంటే హాజరు లోటుకి మన్నింపు, అడగొచ్చు. ఇచ్చేదీ లేనిదీ కాలేజీ చేతిలో ఉంటుంది. 65 కన్నా తగ్గితే ఎవరూ ఏమీ చేయలేరు. పరీక్ష రాయనివ్వరు, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. దాన్నే డిటెయిన్ అంటారు. ఫెయిలైతే సప్లీ రాసుకోవచ్చు. డిటెయిన్ అయితే స్నేహితులు ముందుకి పోతారు, మీరు జూనియర్లతో కూర్చుంటారు.

సెమిస్టర్‌లో కనీసం 90 పనిదినాలు. రోజుకి ఆరు పీరియడ్లనుకుంటే 540. అందులో 75 శాతం అంటే 405. పోగొట్టుకోగలిగేవి 135, అంటే సుమారు 22 రోజులు. వినడానికి ధారాళంగానే ఉంది. కానీ దసరా సెలవులకు రెండు రోజులు ముందు బండెక్కి, రెండు రోజులు ఆలస్యంగా వచ్చే శ్రీకాకుళం, ఆదిలాబాద్ పిల్లల లెక్క చూడండి. నాలుగు రోజులు దసరాకి, నాలుగు దీపావళి శని సోమవారాలకి, ఇంట్లో ఒక పెళ్లికి మూడు, ఒక వైరల్ జ్వరానికి ఐదు. పదహారు రోజులు ఇట్టే పోయాయి. బంక్ కొట్టడం ఇంకా మొదలుపెట్టలేదు.

హాజరు తగ్గాక పైకి తేవడం ఎందుకంత కష్టమో చూడాలంటే ఒకటే సూత్రం: పోయిన ఒక్కో పీరియడ్‌ని 75 దగ్గర సరిచేయడానికి మూడు పీరియడ్లు కూర్చోవాలి. 200 పీరియడ్లు జరిగితే 140కి వెళ్లారనుకోండి, 70 శాతం. లోటు పదే కదా అనిపిస్తుంది. పోయినవి 60, వాటికి మూడు రెట్లు 180, వెళ్లినవి 140, తేడా 40. అంటే ఇక ఒక్కటి కూడా మానకుండా వరసగా 40 పీరియడ్లు కూర్చుంటే 75 వస్తుంది. దాదాపు ఏడు రోజులు. సెమిస్టర్ చివర్లో ఏడు రోజులు ఉంటే సరే, లేకపోతే మెడికల్ సర్టిఫికెట్ల వేట మొదలవుతుంది.

ల్యాబ్ ఉన్న రోజు మానకండి. ఒక్క పూటకే మూడు పీరియడ్లు పోతాయి, రికార్డులో ఒక ప్రయోగం ఖాళీ పడుతుంది, దాని సంతకం కోసం నెలరోజులు తిరగాలి. ఆంధ్రలో కొన్ని నియమావళుల్లో మొత్తం హాజరుతో పాటు ఒక్కో సబ్జెక్టుకీ విడిగా కనీస శాతం ఉంటుంది, అది కూడా చూసుకోండి. ఇంకో మాట. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కీ, స్కాలర్‌షిప్‌కీ కూడా 75 శాతమే గీత. పరీక్షకి కండొనేషన్ దొరికినా స్కాలర్‌షిప్ దగ్గర అది అక్కరకు వస్తుందని లెక్కలో వేసుకోకండి.

పదిహేను రోజులకోసారి మీ హాజరు మీరే ఫోన్లో రాసుకోండి. కాలేజీ పోర్టల్‌లో ‘ఆబ్సెంట్’ తప్పుగా పడటం మామూలే. వారంలోపు అడిగితే ఆ సార్ అప్పటికప్పుడు సరిచేస్తారు. రెండు నెలల తర్వాత అడిగితే ఆయనకీ గుర్తుండదు, మీ దగ్గరా రుజువుండదు.

క్లాసులో, క్లాసు తర్వాత

చివరి పరీక్ష పేపరు ఎలా ఉంటుందో తెలిస్తే చదవడం ఎలాగో దానంతటదే తెలుస్తుంది. మూడు గంటలు, 60 మార్కులు. పార్ట్ ఏలో ఒక్కో మార్కువి పది, యూనిట్‌కి రెండు. పార్ట్ బీలో యూనిట్‌కి ఒకటి చొప్పున ఐదు ప్రశ్నలు, పదేసి మార్కులు. ప్రతిదానికీ ‘లేదా’ అని ఇంకో ప్రశ్న ఉంటుంది, కానీ ఆ రెండూ ఒకే యూనిట్‌లోవి. అంటే ఒక యూనిట్ మొత్తం వదిలేస్తే ఆ 12 మార్కులు ఇంకెక్కడా తెచ్చుకోలేరు. ‘నాలుగు యూనిట్లు చదివితే చాలు’ అనే సలహా ఇచ్చేవాళ్లకి పేపరు తెలియదు, లేదా పాస్ అయితే చాలనుకుంటున్నారు. మరోవైపు, ప్రతి యూనిట్‌లో సగం గట్టిగా వచ్చినా ఆ రెండింట్లో ఒకటి రాయగలిగే అవకాశం బాగానే ఉంటుంది. అందుకే తక్కువ టైమ్ ఉన్నప్పుడు మూడు యూనిట్లు పూర్తిగా చదవడం కన్నా ఐదు యూనిట్లలో ముఖ్యమైనవి చదవడం మేలు.

పరీక్ష హాల్లో పార్ట్ ఏకి ఇరవై నిమిషాలు, పెద్ద ప్రశ్నకి 28 నిమిషాలు పెట్టుకుంటే చివర ఇరవై నిమిషాలు మిగులుతాయి. సాధారణంగా జరిగేది ఏమిటంటే, బాగా వచ్చిన మొదటి ప్రశ్నకి నలభై ఐదు నిమిషాలు అందంగా రాసి, చివరి ప్రశ్నకి బొమ్మ గీసి వదిలేయడం. ఎంత అందంగా రాసినా పదికి పదకొండు వెయ్యరు.

మ్యాథ్స్‌ని చూసి చదివేవాళ్లు చాలామంది. సార్ బోర్డు మీద చేసిన లెక్క నోట్సులో చూస్తే అంతా అర్థమైనట్టే ఉంటుంది. ఆ రోజు సాయంత్రమే నోట్సు మూసి అదే లెక్కని మళ్లీ చేయండి, ఆ తర్వాత అదే రకం ఇంకో రెండు. నలభై నిమిషాల పని. మాత్రికల ర్యాంక్ కనుక్కునే లెక్కలో భావన తేలికే, మార్కులు పోయేది గుర్తుల దగ్గర. మైనస్ ఉన్న అడ్డు వరసని రెండుతో గుణించి తీసేసేటప్పుడు ఒక్క గుర్తు తప్పితే కిందంతా తప్పే. అయితే ఏ వరసకి ఏం చేశారో పక్కన రాసి ఉంటే, దిద్దేవాళ్లు పద్ధతికి మార్కులు వేయగలుగుతారు. రాయకపోతే వాళ్లకి కనిపించేది తప్పు జవాబు ఒక్కటే.

సీ ప్రోగ్రామింగ్ సంగతి కాస్త ఎక్కువ చెప్పాలి. మొదటి ఏడాది అందరూ భయపడేదీ, బట్టీ పట్టేదీ అదే. ల్యాబ్‌లో పక్కవాళ్ల ప్రోగ్రామ్ చూసి టైప్ చేస్తే అవుట్‌పుట్ వస్తుంది, రికార్డు నిండుతుంది, వైవాలో దొరికిపోతారు. కంప్యూటర్ లేకుండా కాగితం మీద నడిపించడం అలవాటు చేసుకోండి. ఒక సంఖ్యలోని అంకెల మొత్తం కనుక్కునే ప్రోగ్రామ్ తీసుకుందాం, సంఖ్య 372, ప్రోగ్రామ్‌లో దాని పేరు ఎన్. కాగితం మీద మూడు నిలువు గళ్లు గీయండి: ఎన్, శేషం, మొత్తం. మొత్తం ముందు 0. పదితో భాగిస్తే శేషం 2, మొత్తం 2, ఎన్ ఇప్పుడు 37. మళ్లీ శేషం 7, మొత్తం 9, ఎన్ 3. మళ్లీ శేషం 3, మొత్తం 12, ఎన్ 0. లూప్ ఆగింది, జవాబు 12.

ఇప్పుడు లూప్ లోపల ఆ లైన్ల వరస తారుమారు చేయండి. శేషం తీసే లైను కన్నా ముందే ఎన్‌ని పదితో భాగించే లైను పెట్టండి. ఎన్ 37 అయ్యాక శేషం 7, ఎన్ 3 అయ్యాక శేషం 3, ఎన్ 0 అయ్యాక శేషం 0. మొత్తం 10. చివరి అంకె 2 ఎక్కడికి పోయిందో కాగితం మీద కంటికి కనిపిస్తుంది. కంప్యూటర్ ఈ తప్పుని చెప్పదు, ఎర్రర్ లేకుండా 10 చూపిస్తుంది. అలాగే మొత్తానికి మొదట్లో 0 ఇవ్వడం మరిచిపోతే ఏదో అర్థంలేని పెద్ద అంకె రావచ్చు, స్కాన్‌ఎఫ్‌లో ‘&’ వదిలేస్తే ప్రోగ్రామ్ కూలిపోవచ్చు, ఇఫ్‌లో రెండు ‘=’లకి బదులు ఒకటే పెడితే అది పోల్చదు, విలువని మార్చేస్తుంది. స్క్రీన్ నిండా ఎర్రర్లు వచ్చినప్పుడు పై నుంచి మొదటిది ఒక్కటే సరిచేసి మళ్లీ కంపైల్ చేయండి. ఒక్క సెమికోలన్ పోతే కింద పది ఎర్రర్లు పుడతాయి, అది పెడితే పదీ పోతాయి. వారానికి పది ప్రోగ్రాములు ఇలా కాగితం మీద నడిపించినవాళ్లకి మిడ్‌లో ‘అవుట్‌పుట్ ఏమిటి’ అనే ప్రశ్నలు పెద్ద ఇబ్బంది పెట్టవు.

దీనికి లక్ష పోసి గేమింగ్ ల్యాప్‌టాప్ అక్కర్లేదు. అది చెప్పేది షాపువాళ్లు, నమ్మేది నాన్నలు. సీకి కాలేజీ ల్యాబ్ చాలు, లేదంటే ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్. కొనాల్సి వస్తే ఎస్‌ఎస్‌డీ ఉండి, ర్యామ్ తర్వాత పెంచుకునే స్లాట్ ఉన్నది చూసుకోండి. మొదటి సెమిస్టర్ అయ్యాక కొంటే మీకేం కావాలో మీకే తెలుస్తుంది.

ల్యాబ్ రికార్డు ఆ వారంలోనే రాసి సంతకం పెట్టించుకోవాలి. ల్యాబ్ ఇంటర్నల్స్‌లో 10 మార్కులు రోజువారీ పనివే. చివరి వారంలో పన్నెండు ప్రయోగాలు ఒక్క రాత్రి రాసిన రికార్డు ఎలా ఉంటుందో సార్లకి పేజీ తిప్పగానే తెలుస్తుంది. ఇంజినీరింగ్ గ్రాఫిక్స్‌కి కూడా ఇదే వర్తిస్తుంది. ప్రొజెక్షన్లు మొదటి రెండు వారాల్లో తలకెక్కకపోతే ఆ తర్వాతవేవీ ఎక్కవు.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి రెండు మాటలు. మొదటి నెల సగం అర్థం కాకపోవడం మామూలే, మీ పక్కన ఇంగ్లిష్ మీడియంలో చదివి వచ్చినవాళ్లకీ ఫిజిక్స్ అంతే అర్థమవుతోంది. నోట్సులో వివరణ తెలుగులో రాసుకోండి, సాంకేతిక పదాలు మాత్రం సార్ చెప్పినవే ఉంచండి. పరీక్ష ఇంగ్లిష్‌లో రాయాలి కాబట్టి, రోజుకి ఒక్క జవాబు, ఒక్క పేజీ, పుస్తకం చూడకుండా ఇంగ్లిష్‌లో రాయండి. చిన్న చిన్న వాక్యాలు చాలు. పేపర్లు దిద్దేవాళ్లు చూసేది బొమ్మ ఉందా, సూత్రం ఉందా, మెట్లు ఉన్నాయా అని. వ్యాకరణం తప్పిందని ఎలక్ట్రికల్ పేపర్లో సున్నా వేయరు. బొమ్మ లేకపోతే మాత్రం కోస్తారు.

డౌట్ అడగడానికి వెళ్లేటప్పుడు ‘సార్, ఈ చాప్టర్ అర్థం కాలేదు’ అనకండి. దానికి ఆయన చెప్పగలిగేది ‘మళ్లీ చదువు’ అనే. మీరు చేసిన లెక్క చూపించి, ‘ఇక్కడి దాకా వచ్చింది మేడమ్, ఈ లైను నుంచి ఇలా ఎందుకైంది?’ అని అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. పైగా మీ ముఖం గుర్తుంటుంది. మూడేళ్ల తర్వాత ప్రాజెక్టు గైడ్ కోసమో రికమెండేషన్ లెటర్ కోసమో వెళ్లినప్పుడు అది పనికొస్తుంది.

కాగితాల పని

విసుగ్గా ఉంటుంది, కానీ మొదటి నెలలో చేసేయాలి. టెన్త్ మెమోలో పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో ఆధార్‌లోనూ అక్షరం తేడా లేకుండా అలాగే ఉన్నాయా చూడండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరంతో ఉండటం మన దగ్గర సర్వసాధారణం. అపార్ ఐడీ, అంటే దేశమంతటికీ ఒకే విద్యార్థి నంబరు, అక్కడే ఆగిపోతుంది, అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో మీ క్రెడిట్లు జమ కావడానికి ఆ ఐడీయే ఆధారం. ఆధార్‌లో మార్పుకి రోజులు పడుతుంది కాబట్టి స్కాలర్‌షిప్ చివరి తేదీ దగ్గరపడ్డాక మొదలుపెట్టకండి.

తెలంగాణలో స్కాలర్‌షిప్‌కి ఈపాస్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఏటా దరఖాస్తు చేయాలి, మొదటి ఏడాది ఫ్రెష్, తర్వాత రెన్యువల్. ఆదాయ, కుల ధ్రువపత్రాలు మీసేవ నుంచి ముందే తెచ్చి పెట్టుకోండి. స్కాలర్‌షిప్ మీ ఖాతాకి రావాలంటే ఖాతా ఉంటే సరిపోదు, దానికి ఆధార్ సీడింగ్, అంటే ప్రభుత్వ డబ్బు ఆ ఖాతాకే వచ్చేలా ఆధార్‌ని జతచేయడం, జరిగి ఉండాలి. రెండు బ్యాంకుల్లో ఖాతాలుంటే చివరగా సీడింగ్ చేయించినదానికే డబ్బు వెళుతుంది. వాడకుండా వదిలేసిన పాత ఖాతాకి సీడింగ్ ఉండిపోయి డబ్బు వెనక్కి పోవడం తరచూ జరిగేదే.

ఒరిజినల్ సర్టిఫికెట్లు విద్యాసంస్థలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. అయినా తీసుకుంటే, ఏవేవి ఇచ్చారో రాయించుకుని రసీదు తీసుకోండి. ఇచ్చే ముందే అన్నీ స్కాన్ చేసి, ఐదు సెట్ల జిరాక్సులు తీసి పెట్టుకోండి.

బస్సు సంగతి చిన్నదే. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ సాధారణ సర్వీసుల్లో అమ్మాయిలకి ఉచితం, కానీ ఆ రాష్ట్రం చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. విజయవాడ ఆధార్‌తో కూకట్‌పల్లిలో ఉండే అమ్మాయి స్టూడెంట్ పాస్ తీసుకోవాల్సిందే. అబ్బాయిలకి ఎలాగూ పాసే దిక్కు.

మనుషులు

సీనియర్ల దగ్గర నిజంగా పనికొచ్చేవి మూడు: పాత ప్రశ్నపత్రాలు, ఏ ల్యాబ్‌లో ఏం అడుగుతారో, ఏ పుస్తకం కొనక్కర్లేదో. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకి చాలా కాలేజీల్లో బుక్ బ్యాంక్ ఉంటుంది, లైబ్రరీలో అడగండి, అడగనివాళ్లకి అది ఉందని కూడా తెలియదు.

అయితే పరిచయం పేరుతో గది దగ్గరకి పిలవడం, పాటలు పాడించడం, రికార్డులు రాయించడం, డబ్బు అడగడం పరిచయం కాదు, ర్యాగింగ్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే దీన్ని నేరంగా చేస్తూ చట్టం వచ్చింది, యూజీసీ నిబంధనలు 2009వి. చేరేటప్పుడు మీరూ మీ అమ్మానాన్నా ఇచ్చిన అఫిడవిట్ దీని గురించే. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. మెసేజ్‌లు, కాల్ వివరాలు తుడిచేయకండి, స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లో ఒకరికి పంపండి. ‘వాడు మనవాడే, మన ఊరివాడే’ అని సర్దిచెప్పేవాళ్లు ప్రతి హాస్టల్లోనూ ఉంటారు. వాళ్ల మాట విని ఆగితే తర్వాతి వారం ఇంకొంచెం ముదురుతుంది.

రూమ్మేట్లతో డబ్బు లెక్కలు నెలాఖరుకి కాదు, వారం వారం తేల్చుకోండి. ఊరివాళ్లతోనే తిరగడం మొదటి నెల హాయిగా ఉంటుంది. కానీ ల్యాబ్ బ్యాచ్‌లో వేరే జిల్లా, వేరే బోర్డు నుంచి వచ్చినవాళ్లతో కూర్చోండి. సీబీఎస్‌ఈలో కంప్యూటర్ సైన్స్ చదివి వచ్చినవాళ్లకి కోడింగ్ వచ్చి ఉంటుంది, మన ఇంటర్ నుంచి వచ్చినవాళ్లకి లెక్కల్లో చెయ్యి తిరిగి ఉంటుంది. ఈ ఇద్దరూ కలిస్తే ఇద్దరి సెమిస్టరూ బాగుంటుంది.

హాస్టల్లో తెల్లారి రెండింటిదాకా మేలుకుని, టిఫిన్ మానేసి క్లాసుకి పరుగెత్తడం మొదటి నెలలోనే అలవాటైపోతుంది. వానాకాలంలో నీళ్లు మాత్రం ఎక్కడ పడితే అక్కడ తాగకండి. టైఫాయిడ్, కామెర్లు ఏదొచ్చినా రెండు మూడు వారాలు మంచానికే. పైన వేసిన హాజరు లెక్క మొత్తం దానితో తలకిందులవుతుంది.

ఏం చేరాలి, ఏం ఆపాలి

మొదటి రెండు వారాల్లో క్లబ్బులన్నీ టేబుళ్లు వేసుకుని పిలుస్తాయి. చదువుకి సంబంధించింది ఒకటి, సంబంధం లేనిది ఒకటి చాలు. అయిదింటిలో పేరిచ్చి ఏదానికీ వెళ్లకపోవడం కన్నా, ఒక్కదాన్లో స్టేజీ మోసి, పోస్టర్లు అంటించి, స్పాన్సర్ల చుట్టూ తిరిగినవాళ్లకి రెండో ఏడాది బాధ్యత దొరుకుతుంది. ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరితే రెండేళ్లలో 240 గంటలు, ఒక ఏడు రోజుల ప్రత్యేక శిబిరం పూర్తి చేయాలి. మొదటి ఏడాది చేరితేనే అది సాఫీగా అవుతుంది, మూడో ఏడాది గుర్తొస్తే ప్లేస్‌మెంట్ల మధ్యలో ఇరుక్కుంటారు.

ఆన్‌లైన్ కోర్సులకి మొదటి సెమిస్టర్‌లో వెళ్లకండి, మిడ్‌ల లయ ముందు అందనివ్వండి. ఐఐటీలవాళ్లు నడిపే ఆన్‌లైన్ కోర్సులు ఎన్‌పీటెల్, వాటి జనవరి విడత రెండో సెమిస్టర్‌కి సరిపోతుంది. చేరడం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి సెంటర్‌కి వెళ్లి పరీక్ష రాయాలి. మార్కుల్లో 25 వారం వారం అసైన్‌మెంట్లవి, 75 పరీక్షవి. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 రెండూ రావాలి. 8 వారాల కోర్సులో బాగా వచ్చిన 6 అసైన్‌మెంట్లు, 12 వారాల కోర్సులో 8 లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి మిడ్ వారంలో ఒకటి తప్పినా నష్టం లేదు. మొదటిసారికి 4 లేదా 8 వారాలది తీసుకోండి. డబ్బు కట్టమని, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తామని వాట్సాప్‌లో వచ్చే లింకులు మాత్రం మొదటి ఏడాది పిల్లల కోసమే పుట్టాయి. వాటిని డిలీట్ చేయండి.

రిజల్ట్స్ వచ్చాక

ఏదైనా పోతే రెండు దారులుంటాయి. రీకౌంటింగ్ అంటే వేసిన మార్కుల కూడిక సరిచూడటం, రీవాల్యుయేషన్ అంటే ఇంకొకరితో మళ్లీ దిద్దించడం. ఐదు పెద్ద ప్రశ్నలూ రాసి, పాస్ మార్కుకి అయిదారు తగ్గితే రీవాల్యుయేషన్ పెట్టడం సబబు. మూడే రాసి 12 వస్తే ఆ ఫీజు సప్లీకి కట్టుకోండి. రెండింటికీ గడువులు కొద్ది రోజులే ఉంటాయి, ఎగ్జామ్ బ్రాంచ్ నోటీసు సెలవుల్లో వస్తుంది, అందుకే క్లాస్ గ్రూపుని మ్యూట్‌లో పెట్టి మరిచిపోకండి. రీవాల్యుయేషన్ ఫలితం ఒక్కోసారి సప్లీ ఫీజు గడువు దాటాక వస్తుంది. కాబట్టి అది పెట్టినా సప్లీ ఫీజు కూడా కట్టేయండి. రీవాల్యుయేషన్‌లో పాసైతే పోయేది ఆ కాస్త ఫీజు, కట్టకపోతే పోయేది ఒక అటెంప్ట్.